రెండో తూటా సంగతి తర్వాత

నడుముకు పెట్టుకునే తుపాకి కొనబోయే మనిషి ముందుగా అడిగేవి మూడు ప్రశ్నలు. ఏ కంపెనీది, ఎంత దూరం పోతుంది, చేతిని తంతుందా? ఈ మధ్య నాలుగోది చేరింది: కాంపెన్సేటర్ ఉన్నది దొరుకుతుందా? ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. డల్లస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో తన పిస్తోలు చూపించి, "అన్నా, ఇది కాలిస్తే మూతి లేవనే లేవదు" అని ఉంటాడు. ఓబులదేవరచెరువులో కూర్చుని శెనక్కాయల డబ్బుతో కదిరికీ గోరంట్లకూ తిరిగే అన్నకు అది మనసులో పడిపోతుంది. కొత్త లైసెన్స్ ఇంకా చేతికి రాకముందే ఏది కొనాలో తీర్మానం అయిపోతుంది.

ఈ అధ్యాయం ఆ అన్న కోసం, ఆ తమ్ముడి కోసం కూడా. ఇద్దరికీ జవాబు ఒకటి కాదు.

ముందు ఆ వస్తువు చేసే పని చూద్దాం. తుపాకి పేలినప్పుడు తూటా ముందుకు పోతుంది, తుపాకి వెనక్కి తంతుంది. గొట్టం మన పిడికిలికి పైన ఉంటుంది కాబట్టి ఆ తన్ను తిన్నగా అరచేతిలోకి రాదు, మణికట్టు దగ్గర మడిచి మూతిని పైకి లేపుతుంది. లేచిన మూతి మళ్లీ గురి మీదికి దిగేదాకా రెండో తూటా కాల్చలేం. కాంపెన్సేటర్ అంటే గొట్టం చివర పైవైపున కోసిన రంధ్రాలు, లేదా అలాంటి రంధ్రాలతో మూతికి బిగించిన చిన్న దిమ్మ. మందు కాలి పుట్టిన గ్యాసులో కొంత ఆ రంధ్రాల గుండా పైకి చిమ్ముతుంది, ఆ చిమ్మడం మూతిని కిందికి నొక్కుతుంది. బోరు మోటారు వేసినప్పుడు పైపుకు పైభాగాన చిల్లు ఉంటే నీళ్లు ఆకాశానికి లేస్తాయి, పైపు నేలకు అదుముకుంటుంది. అదే సూత్రం.

కొత్త కనిపెట్టుడేమీ కాదు. 1920లలోనే కట్స్ కాంపెన్సేటర్ పేరుతో థాంప్సన్ సబ్‌మెషీన్ గన్ మూతికి ఇలాంటిది బిగించారు. తర్వాత ఐపీఎస్‌సీ షూటింగ్ పోటీల్లో, 'ఓపెన్' విభాగంలో, సెకనులో వందో వంతు కోసం పోటీపడేవాళ్లు దాన్ని సొంతం చేసుకున్నారు. అక్కడ ఒక్కొక్కరు వరుసగా ఎన్నో బొమ్మలను కాల్చాలి. తుపాకి దాచుకునే పని లేదు, ఎంత పొడుగున్నా అడిగేవాడు లేడు. పందెంలో పెరిగిన అలవాటు నడుము మీదికి ఎక్కువగా వచ్చింది ఇటీవలే. సిగ్ సావర్ కంపెనీ 2022లో తెచ్చిన పీ365 ఎక్స్‌మాక్రో కాంప్ వంటి పిస్తోళ్లలో కాంపెన్సేటర్ స్లైడులోనే కలిసి ఉంటుంది. విడిగా బిగించే దిమ్మ ఉండదు, పొడవు పెరగదు. దానికి చెల్లించే మూల్యం గొట్టంలో కనిపిస్తుంది. అందులో గొట్టం 3.1 అంగుళాలే. మిగతా చోటు రంధ్రానికి పోయింది. గొట్టం తగ్గితే తూటా వేగం కొంత తగ్గుతుంది.

ఇక మన సంగతి. పైకి చిమ్మాలంటే గ్యాసు కావాలి, ఆ గ్యాసుకు ఒత్తిడి కావాలి. 9 ఎంఎం తూటాకు అమెరికా తయారీదారుల ప్రమాణం ప్రకారం గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. మన దేశంలో మామూలు పౌరుడికి 9 ఎంఎం దొరకదు, అది నిషేధిత బోరు. లైసెన్స్ మీద దొరికేది ఎక్కువగా .32. రివాల్వర్లలో వాడే .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ తూటా ఒత్తిడి పరిమితి 15,000 పౌండ్లు. సగం కూడా లేదు. పైగా రివాల్వర్‌లో సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు ఉంటుంది, గ్యాసులో కొంత అక్కడే పక్కలకు పోతుంది. మిగిలిన దాన్ని రంధ్రాల్లోంచి చిమ్మిస్తే మూతి ఎంత దిగుతుంది? చెప్పుకోదగ్గంత కాదు. ఈ తూటాల్లో చాలావరకు తొడుగు లేని సీసపువి. గొట్టానికి రంధ్రాలు కోస్తే వాటి అంచుల దగ్గర సీసం గీరుకుని పేరుకుంటుంది, ముక్కలుగా చిమ్ముతుంది కూడా. శుభ్రం చేసే పని రెట్టింపు, లాభం అంతంతమాత్రం.

మనకు దొరికే తుపాకుల్లో మూతి లేవకుండా చూసేది బరువే. కాన్పూరు పాత .32 రివాల్వర్ దాదాపు 700 గ్రాములు. 2014లో మహిళల కోసమని చెప్పి కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ తెచ్చిన నిర్భీక్ 500 గ్రాములు. 2023 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ సంస్థ ఏడబ్ల్యూఈఐఎల్ విడుదల చేసిన ప్రబల్ 675 గ్రాములు, దాని గొట్టం 76 మిల్లీమీటర్లు. ఒకే తూటాను తేలిక తుపాకిలో కాలిస్తే ఎక్కువ తంతుంది, బరువు తుపాకిలో తక్కువ. నిర్భీక్ కొంటానని వచ్చే ఆడవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి: సంచిలో తేలిగ్గా ఉన్నది చేతిలో కటువుగా ఉంటుంది. అయినా .32 తన్ను మనిషిని భయపెట్టేంతది కాదు. సరిగ్గా పట్టుకోవడం నేర్చుకుంటే అది ఎవరి చేతికైనా లొంగుతుంది.

"సరే, కొన్నాక కాంపెన్సేటర్ ఇక్కడే పెట్టించుకుంటాను" అనే ధైర్యవంతులు ఉంటారు. హిందూపురంలో, ధర్మవరంలో లేతు మిషన్ల మీద ఏ మర అయినా కోసి ఇస్తారు, నిజమే. కానీ 1959 ఆయుధాల చట్టం తుపాకి అన్న మాటలోకి దాని విడిభాగాలను, శబ్దాన్నో మంటనో తగ్గించే ఉపకరణాలను కూడా చేర్చింది. తుపాకిని మార్చడానికైనా బాగుచేయడానికైనా అయిదో సెక్షన్ కింద లైసెన్స్ ఉన్న పనివాడే ఉండాలి. 2019 సవరణ తర్వాత ఆ సెక్షన్ ఉల్లంఘనకు శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. గొట్టాన్ని కురచ చేయడం వేరే నేరం. కొత్త మర కోసిన గొట్టంతో రెన్యువల్ తనిఖీకి వెళితే ఆ మనిషి ఆయుధం చేతిలో పెట్టుకుని తన నేరానికి తానే సాక్షి అవుతాడు. లేతు షాపువాడినీ ముంచుతాడు.

అందువల్ల ఓబులదేవరచెరువు అన్నకు కాంపెన్సేటర్ గురించి నా తీర్పు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: వద్దు. అయితే ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని వదిలేయడం న్యాయం కాదు. నాకు ఆపద వస్తే ఇది పనికొస్తుందా?

కాంపెన్సేటర్ సాయపడేది రెండో తూటాకు. మొదటి తూటాకు అది చేసేదేమీ లేదు. నడుముకు తుపాకి పెట్టుకున్న మనిషి కష్టాలన్నీ మొదటి తూటాకు ముందువే. ఎదుటివాడి ఉద్దేశం పసిగట్టడం, చొక్కా ఎత్తడం, చేతికి తుపాకి అందడం, కాల్చాలా వద్దా అని ఆ క్షణంలో తేల్చుకోవడం. ఈ మాట మన ప్రాంతంలో ఎవరికీ కొత్త కాకూడదు. 2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవీంద్ర అనంతపురంలో తన పార్టీ కార్యాలయం దగ్గరే హత్యకు గురయ్యారు. ఆయనకు గన్‌మెన్ లేక కాదు. 2011 జనవరి 3న ఫ్యాక్షన్ నాయకుడు మద్దెలచెరువు సూరిని హైదరాబాదులో కారులో కాల్చింది సొంత అనుచరుడే అని కోర్టు తేల్చి, 2018లో శిక్ష వేసింది. తుపాకుల మధ్యే బతికినవాళ్ల కథలు ఇవి. దాడి ఎదురుగా, దూరం నుంచి, చెప్పి రాలేదు. మూతి ఎంత లేచిందన్న లెక్క ఆ రెండు చోట్లా రానే రాలేదు.

కాబట్టి తుపాకిని కాకుండా, ముందు మోసే పద్ధతిని పరీక్షించండి. ఇందులో చట్టం కూడా మీకు దారి చూపుతుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకిని దానికోసం చేసిన హోల్‌స్టర్‌లో గానీ అలాంటి సంచిలో గానీ పెట్టుకోవాలి, అది పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. అమెరికాలో దాచి మోయాలా బయటికి మోయాలా అని రాష్ట్రానికో వాదన నడుస్తుంది. మనకు ఆ వాదన అవసరం లేదు, కప్పి ఉంచడమే నియమం. చొక్కా పైకెత్తి పిడి కనిపించేలా పెళ్లి పందిట్లో నిలబడేవాడు దర్పం చూపిస్తున్నాననుకుంటాడు, నియమాన్ని తప్పుతున్నాడు. పెళ్లిలో, ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే 2019 సవరణ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కప్పి ఉంచడం చెప్పినంత సులువు కాదు. మన ఎండాకాలంలో పలచని కాటన్ చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, 700 గ్రాముల ఇనుము ఆకారం అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. పంచె మీద హోల్‌స్టర్ నిలవదు. ప్యాంటుకైనా మామూలు బెల్టు చాలదు, మందంగా వంగకుండా ఉండే బెల్టు కావాలి. లేకపోతే పిడి బయటికి వాలిపోతుంది, పది నిమిషాలకోసారి చెయ్యి అక్కడికే పోతుంది. ఆ చెయ్యే అందరికీ చెప్పేస్తుంది. బైకు మీద నల్లమాడ దాకా పోయి రండి. ఖాళీ తుపాకితోనే, లైసెన్స్ జేబులో పెట్టుకుని. గతుకుల్లో అది జారుతుందా, కూర్చుంటే గొట్టం తొడలో గుచ్చుకుంటుందా, దిగగానే చొక్కా ఎక్కడిదాకా ఎగబాకింది, ఇవన్నీ తెలుస్తాయి. ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటు మధ్యలో ఇరుక్కుని కూర్చున్నప్పుడు పక్కవాడి మోచెయ్యి దేనికి తగులుతుందో చూడండి. మూత్రానికి పోయి బెల్టు సడలించినప్పుడు దాన్ని ఎక్కడ పెడతారో ముందే అనుకోండి, ఎందుకంటే తుపాకులు కింద పడేదీ మరిచిపోయి వచ్చేదీ ఎక్కువగా అలాంటి చోట్లే. గుడికి పోతే? మంగలి షాపులో కుర్చీ ఎక్కితే? చుట్టాల ఇంట్లో పిల్లలు వచ్చి ఒళ్లో కూర్చుంటే? ఈ ప్రశ్నలకు జవాబు లేనివాడు ఆ రోజు తుపాకిని ఇంట్లో తాళం వేసి రావడం మంచిది. తాగే సాయంత్రం గురించి వేరే చెప్పాలా?

హోల్‌స్టర్ విషయంలో పిసినారితనం పనికిరాదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి, తలకిందులు చేసి ఊపినా తుపాకి జారకూడదు, ఒక్క చేత్తో తీసి ఒక్క చేత్తో తిరిగి పెట్టగలగాలి. మెత్తబడిపోయిన తోలు సంచి మూతి లోపలికి ముడుచుకుని, తిరిగి పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌లోకి దూరుతుంది. తమ తొడను తామే కాల్చుకున్నవాళ్లలో కొందరి కథ అదే. చెమటకు రివాల్వర్ తుప్పు పడుతుంది, రాత్రి ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి.

ఇక సాధన. మన దగ్గర అసలు కొరత ఇదే. సొంత తోటలోనో ఊరవతల గుట్ట దగ్గరో కాల్చి చూడటం కుదరదు, అనుమతి ఉన్న రేంజ్ దొరకాలి. తూటాలు లైసెన్స్ పుస్తకంలో రాసినన్నే, వాటి లెక్క చెప్పాలి. అందుకని ఎక్కువ భాగం ఇంట్లో ఖాళీ తుపాకితోనే సాగాలి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, సిలిండర్ తెరిచి కళ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడు గోడవైపు గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కడం. నొక్కే క్షణంలో మూతి కదులుతోందంటే లోపం మీ వేలిది, తుపాకిది కాదు. ఆ కదలికను ఏ కాంపెన్సేటరూ ఆపలేదు. ఒక జాగ్రత్త: నిడర్ వంటి .22 రివాల్వర్‌ను ఖాళీగా కొడితే పిన్ను నేరుగా ఇనుప అంచుకు తగిలి చెడిపోవచ్చు, డమ్మీ తూటాలు వాడాలి.

మన తాలూకాల్లో ఇంకో సంగతి మరిచిపోకూడదు, రాష్ట్ర సరిహద్దు. బెంగళూరు మనకు పక్క ఊరిలాంటిది. కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లిలో టీ తాగడం రోజువారీ పని. కానీ లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో పుస్తకంలోనే రాసి ఉంటుంది. అక్కడ ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే కొడికొండ దాటాక మీ నడుముకున్నది లైసెన్స్ లేని ఆయుధమే. ఎన్నికల ప్రకటన వచ్చాక అధికారులు స్టేషన్లో అప్పగించమంటే అప్పగించాలి, రసీదు తీసుకోవాలి. అడవిపందుల బెడదకు తుపాకి కావాలనేవాళ్ల దారి వేరు. చట్టంలో పంట రక్షణకని చెప్పింది మూతి నుంచి మందు కూరే తుపాకి గురించి, చేతి తుపాకి గురించి కాదు. లైసెన్స్ లేని నాటు తుపాకి జోలికి పోనేవద్దు.

ఇప్పుడు డల్లస్ తమ్ముడు. అతనికి నేను కాంపెన్సేటర్ వద్దని చెప్పను. ముందు అతని వీసా అడుగుతాను. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిని నమ్ముకునే ముందు లాయరును కలవాలి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి పర్మిట్ లేకుండానే మోయవచ్చని స్నేహితులు చెబుతారు. ఆ సడలింపు తుపాకి ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకే. ఆ తేడా తెలియకపోతే పోయేది తుపాకి ఒక్కటే కాదు, గ్రీన్‌కార్డు ఆశ కూడా. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకూ రాష్ట్రం మారితే లెక్క మారుతుంది. కాలిఫోర్నియాలో మూతికి మర కోసిన గొట్టం ఉన్న సెమీ ఆటోమేటిక్ పిస్తోలు నిషేధిత జాబితాలో పడే ప్రమాదం ఉంది. మర తిప్పి బిగించే దిమ్మకూ స్లైడులోనే కలిసిన రంధ్రానికీ అక్కడ చట్టం దృష్టిలో చాలా తేడా.

అర్హత తేలాక అతను చేయాల్సిన పరీక్ష ఇదీ. ఒకే రకం పిస్తోలు, కాంపెన్సేటర్ ఉన్నదీ లేనిదీ, రేంజ్‌లో అద్దెకు తీసుకుని, ఒకే తూటాలతో, అయిదు మీటర్ల దూరంలో రెండేసి గుండ్లు. రెండు గుండ్ల మధ్య సమయం చూడాలి, రెండూ అరచేతి వెడల్పులో పడ్డాయో లేదో చూడాలి. తేడా చెప్పుకోదగ్గంత లేకపోతే ఆ డబ్బు శిక్షణకు పెట్టడం మేలు. తర్వాత చవక సాధన తూటాలతో కాల్చాలి. గ్యాసు కొంత పైకి పోవడం వల్ల స్లైడు వెనక్కి పోయే ఊపు తగ్గుతుంది, బలహీనమైన తూటాలతో కొన్ని పిస్తోళ్లు ఇరుక్కుంటాయి. నడుముకు పెట్టుకునే ఖరీదైన తూటాలతో కూడా ఇరుక్కోకుండా వరుసగా కొన్ని పెట్టెలు కాల్చాకే దాన్ని నమ్మాలి. చీకటి రేంజ్ దొరికితే అక్కడ కాల్చి చూడాలి. మంట కళ్ల ముందే పైకి లేస్తుంది, దాని ప్రభావం తూటా మందును బట్టి మారుతుంది. చప్పుడు కూడా పెరుగుతుంది.

చాలామంది చేయని పరీక్ష ఇంకొకటి. మీద పడ్డవాడిని ఒక చేత్తో నెడుతూ, తుపాకిని పక్కటెముకల దగ్గర ఆనించి కాల్చాల్సి వస్తే ఆ వేడి గ్యాసు, మసి, లోహపు పొట్టు పైకి చిమ్మేది మన ముఖంవైపే. దగ్గరి దాడులకు భయపడి తుపాకి కొన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఇది సాధన చేయాలంటే శిక్షకుడి ఎదుట, కళ్లద్దాలతోనే చేయాలి. గ్యాస్ స్టేషన్ కౌంటరు వెనక నిలబడే మన పిల్లలకు ఎదురయ్యే దూరం అంతే, చెయ్యి చాపితే అందేంత. నా లెక్కలో కాంపెన్సేటర్ విలువ సగం పడిపోయేది అక్కడే. మోచేతులు చాచి రెండు చేతులతో పట్టుకుని కాల్చే అవకాశం ఉన్నవాడికి అది ఉపకారి. మణికట్టు బలహీనంగా ఉన్నవాళ్లకూ, కీళ్లనొప్పుల వయసువాళ్లకూ చిన్న 9 ఎంఎం పిస్తోలును లొంగదీసుకోవడంలో నిజంగానే తేడా కనిపిస్తుంది.

ఇద్దరికీ వర్తించేది ఒకటుంది. ఇక్కడ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. ఏ పరిస్థితుల్లో ఆ హక్కు ప్రాణం తీసేదాకా పోవచ్చో 38 చెబుతుంది. ఆపదకు మించిన హాని చేయకూడదన్న పరిమితి 37లో ఉంది. రెండో గుండు ఎందుకు కాల్చావని కోర్టులో అడిగితే, మూతి లేవలేదు కాబట్టి అన్నది జవాబు కాదు. మొదటి గుండుకు ఆగిపోయిన మనిషి మీద రెండోది పడితే కేసు స్వభావమే మారిపోవచ్చు. తుపాకి దుకాణానికి వెళ్లే ముందు ఆ పదకొండు సెక్షన్లను తెలుగులో సంపాదించి చదవండి, తెలిసిన లాయరుతో ఒక పూట కూర్చోండి. ఆ తర్వాత కూడా చేతి తుపాకి అవసరమే అనిపిస్తే, కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, శిక్షణ సర్టిఫికెట్ తెచ్చుకుని, పట్టు కుదిరే సాదా .32 రివాల్వర్ ఒకటి తీసుకోండి. మిగిలిన డబ్బు మంచి హోల్‌స్టర్‌కు, ఇంట్లో గోడకు బిగించే ఇనుప పెట్టెకు ఖర్చు పెట్టండి.